గుర్రం పోతే ఏడవడం తప్పా? (పశువైద్యుడి జవాబులు)

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దెగ్లూరు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫోన్‌లో పందెపు గుర్రాల గేమ్ ఆడుతూ హారు ఉరారా అనే జపాన్ గుర్రం గురించి తెలుసుకున్నాను. 2025 సెప్టెంబర్‌లో అది చనిపోయిందని చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. "కళ్లతో చూడని గుర్రానికి ఏడుస్తావేమే" అని మా నాన్నమ్మ కోప్పడింది. అన్నయ్యైతే ఇప్పటికీ ఏడిపిస్తున్నాడు. ఇది నిజంగా పిచ్చేనా? దాని పేరు మీద నేను ఏమైనా చేయొచ్చా?

జవాబు: పిచ్చి ఎందుకవుతుందమ్మా! మీ నాన్నమ్మ గారిని ఒక మాట అడుగు. హల్దీఘాటీ యుద్ధం 1576లో జరిగింది. రాణా ప్రతాప్ గుర్రం చేతక్‌ను మనలో చూసినవాళ్లెవరు? అక్కడ దాని సమాధి దగ్గరికి జనం ఇవాళ్టికీ వెళ్లి దండం పెడుతూనే ఉన్నారు. మాళెగావ్ యాత్రలో ఖండోబాకు మొక్కేటప్పుడు ఆయన ఎక్కిన గుర్రం మీద కూడా బండారు చల్లుతాం కదా. గుర్రాన్ని తలచుకోవడం మన ఇళ్లలో లేనిదేమీ కాదు.

నువ్వు ఏడ్చిన గుర్రం మామూలుది కాదు. హారు ఉరారా 1996లో పుట్టిన ఆడగుర్రం. షికోకు దీవిలో కోచి అనే ఊళ్లో ఉన్న చిన్న పందెపు మైదానంలో పరుగెత్తేది. 113 పందేలు పరుగెత్తి ఒక్కటీ గెలవలేదు. ఆ మైదానమే నష్టాల్లో మూతపడే స్థితిలో ఉన్న రోజులవి. 2004 మార్చి 22న జపాన్‌లో అందరికంటే పేరున్న జాకీ యుటాకా టకే వచ్చి దాన్ని ఎక్కాడు. చూడటానికి 13,000 మంది వచ్చారు. 11 గుర్రాల్లో అది పదోదిగా వచ్చింది. అయినా ఆ ఓడిన టికెట్లనే జనం తాయెత్తుల్లా దాచుకున్నారు. గెలిచే గుర్రాన్ని ప్రేమించడానికి పెద్ద మనసేమీ అక్కర్లేదు, డబ్బు వస్తుంది కాబట్టి ఎవరైనా ప్రేమిస్తారు. ఓడుతుందని తెలిసీ దాని కోసం అంత దూరం వెళ్లిన ఆ జనమంటే నాకు చాలా గౌరవం.

అది పోయింది కడుపుశూలతో, 29 ఏళ్ల వయసులో. గుర్రానికి అది నిండు ఆయుష్షు. అభిమానులు ఏం చేశారన్నది కూడా నీకు తెలియాలి. అది బతికుండగానే దేశదేశాల నుంచి దాని పేరు మీద రైగడ్డి మోపులు కొని పంపారు. జపాన్‌లోనే నైస్ నేచర్ అనే ఇంకో గుర్రం ఉండేది. దాని పుట్టినరోజుకు ఏటా చందాలు పోగుచేసి, పందేలు మానేసిన ముసలి గుర్రాల పోషణకు ఇచ్చేవారు. 2023లో అది పోయాక కూడా ఆ చందాలు ఆగలేదు.

వేరే దేశాల్లోనూ ఇలాంటివాళ్లు ఉన్నారు. ఇంగ్లండ్‌లో రెడ్ రమ్ అనే గుర్రం 1973, 1974, 1977లలో మూడుసార్లు గ్రాండ్ నేషనల్ అనే పెద్ద పందెం గెలిచింది. 1995లో పోయినప్పుడు దాన్ని ఎయింట్రీ మైదానంలో గెలుపు గీత దగ్గరే పూడ్చారు. అక్కడ పూలు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అమెరికాలో బార్బారో 2006 మే నెలలో కెంటకీ డెర్బీ గెలిచి, రెండు వారాలకే ఇంకో పందెంలో కుడి వెనక కాలు విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ దానికి కార్డులు, క్యారెట్లు, ఆపిల్ పండ్లు వస్తూనే ఉన్నాయి. విరిగిన కాలు అతుక్కునే దారిలో పడింది కానీ, బరువంతా మోసిన ఎడమ కాలి డెక్క పాడైపోయింది. 2007 జనవరి 29న దాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చాల్సి వచ్చింది. యజమానులు దాని అస్థికలను డెర్బీ మైదానం గేటు బయట ఉంచారు. టికెట్ కొనకుండా ఎవరైనా వచ్చి చూసుకోవాలని అలా చేశారట. నాకు ఆ ఆలోచన చాలా నచ్చింది.

బార్బారోను చంపిన జబ్బు పేరు లామినైటిస్. దాని అభిమానులు ఈ జబ్బు మీద పరిశోధనకు డబ్బు పోగుచేశారు. 1973లో బెల్మాంట్ పందెం 31 గుర్రాల పొడవు తేడాతో గెలిచిన సెక్రటేరియట్‌ను కూడా 1989లో ఈ జబ్బే తీసుకుపోయింది. నువ్వు ఏమైనా చేయొచ్చా అని అడిగావు కదా, సరిగ్గా ఇక్కడే చేయొచ్చు. ఎందుకంటే ఈ జబ్బు మన బారాత్ గుర్రాలకూ వస్తుంది.

డెక్క లోపల ఎముకను గోడకు పట్టి ఉంచే పొర ఒకటుంటుంది. అది వాచి ఊడితే, గుర్రం బరువుకు ఎముక కిందికి జారుతుంది. కాలు విరిగి మిగతా కాళ్ల మీద భారం పడినా వస్తుంది, గింజలు ఎక్కువ తిన్నా వస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో చూడు, బారాత్ ముందర పెళ్లివారు ప్రేమకొద్దీ బెల్లం, శనగలు, లడ్డూలు దాని నోట్లో కుక్కుతూనే ఉంటారు. రెండో రోజు ఆ గుర్రం ముందుకాళ్లు చాచి, బరువంతా వెనక కాళ్ల మీద వేసి కదలకుండా నిలబడుతుంది. డెక్క మీద అరచెయ్యి పెడితే సలసలా కాలుతుంది. మడమ పైన వేళ్లు ఆనిస్తే నాడి టకటకా కొట్టుకుంటూ తగులుతుంది. యజమానులేమో మొండికేసిందని కొరడా తీస్తారు. నా సర్వీసంతా ఈ నాందేడ్ జిల్లాలోనే గడిచింది. ఇలా నిలబడిన గుర్రాన్ని చూసిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోయేది.

అందుకని హారు ఉరారా పేరు చెప్పి మీ ఊళ్లో బారాత్ గుర్రం ఉన్న ఇంటికి వెళ్లు. మిఠాయి వద్దు, ఎండు గడ్డి మోపో, జొన్నసొప్ప కట్టలో తీసుకెళ్లు. ఆ డెక్క సంగతి కూడా వాళ్లకు చెప్పు. మీ అన్నయ్యను వెంట తీసుకెళ్లు, మోపు మోయడానికి పనికొస్తాడు.

ప్రశ్న: నమస్తే డాక్టర్ సాబ్. మాది బిలోలి తాలూకాలో పల్లెటూరు. జాతర పందేల్లో మా ఊరికి పేరు తెచ్చిన గుర్రం మా ఇంట్లో ఉంది. ముసలిదైపోయింది, సరిగ్గా తినడం లేదు. అది పోతే మా పొలంలో బావి పక్కన వేపచెట్టు కింద పూడ్చి, సమాధి కట్టాలని ఊరి కుర్రాళ్లు ఇప్పటినుంచే చందాలు వేస్తున్నారు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: తమ్ముడూ, ముందు బతికున్న దాని సంగతి చూద్దాం. తినడం లేదంటున్నావు కదా, రేపు పొద్దున అది నిలబడే చోట నేల మీద చూడు. సగం నమిలిన గడ్డి ఉండలుగా పడి ఉంటే దానికి ఆకలి లేక కాదు, పళ్లు సరిగ్గా లేకే తినడం లేదు. గుర్రం పళ్లు ఒకవైపు అరిగి, పక్కన మొనలు తేలి బుగ్గను కోస్తాయి. పశువైద్యుణ్ణి పిలిపించి ఆకురాయితో ఆ మొనలు అరగదీయించు. గడ్డిని చిన్నగా కత్తిరించి, నీళ్లలో నానబెట్టిన తవుడుతో కలిపి పెట్టు. ఉలవలు పెడితే మెత్తగా ఉడికించి కొద్దిగానే పెట్టు. మేత మార్చినా ఒక్కరోజులో మార్చొద్దు, వారం పదిరోజుల్లో మెల్లగా మార్చు. కుర్రాళ్ల చందాలో కొంత ఈ తవుడుకే పెట్టించు.

ఇక సమాధి. బావి పక్కన మాత్రం వద్దు. బావికి, బోరుకు, వాగుకు బాగా దూరంగా, తవ్వితే ఊట నీరు రాని ఎత్తు నేల చూసుకో. గుంత ఏడెనిమిది అడుగుల లోతు ఉండాలి, పైన కనీసం మూడు అడుగుల మట్టి పడాలి. లేకపోతే కుక్కలు తోడేస్తాయి. అంత పెద్ద జంతువుకు మనుషులు తవ్వితే పూట పడుతుంది, జేసీబీ పెట్టుకోవడమే మేలు. మట్టి కుంగి సర్దుకునేదాకా, అంటే ఒక వానాకాలం గడిచేదాకా, పైన సిమెంటు పని మొదలుపెట్టొద్దు. బాధ తట్టుకోలేక డాక్టర్ ఇంజక్షన్‌తో నిద్రపుచ్చాల్సి వస్తే, ఆ కళేబరాన్ని ఒక్క గంట కూడా బయట వదలొద్దు. ఆ మందు ఒంట్లోనే ఉండిపోతుంది, తిన్న కుక్క, గద్ద కూడా చస్తాయి.

ఇంకో సంగతి, ఇది అన్నిటికంటే ముఖ్యం. ముక్కు నుంచి చిక్కటి చీమిడి కారి, కాళ్ల మీద గడ్డలు లేచి పుండ్లు పడి చనిపోతే గ్లాండర్స్ అనే అంటురోగమని అనుమానించాలి. అది మనుషులకూ అంటుతుంది. పశువుల అంటురోగాల మీద వచ్చిన 2009 చట్టం ప్రకారం పశుసంవర్ధక శాఖకు చెప్పి తీరాలి. ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచీ నోటి నుంచీ గడ్డకట్టని నల్లరక్తం వస్తే దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. అప్పుడు కళేబరాన్ని కొయ్యొద్దు, ముట్టుకోవద్దు. ఈ రెండిట్లో ఏది అనుమానమున్నా ఊరి జనాన్ని ఆఖరి చూపుకు పిలవకు. మామూలు ముసలి చావైతే మాత్రం అందర్నీ రానివ్వు. జూలు నుంచి, తోక నుంచి నాలుగు వెంట్రుకలు, కాళ్ల నాడాలు తీసి ఉంచు. అభిమానించిన కుర్రాళ్లకు అవి చాలు.

అమెరికాలో పేరున్న పందెపు గుర్రాలకు చాలాచోట్ల తల, గుండె, డెక్కలు మాత్రమే పూడుస్తారు. సెక్రటేరియట్‌ను మాత్రం నిండుగా పూడ్చారు. ఆస్ట్రేలియా వాళ్లు ప్రాణంగా చూసుకున్న ఫార్ ల్యాప్ 1932లో పోతే దాని చర్మం మెల్‌బోర్న్‌లో, గుండె కాన్‌బెర్రాలో, ఎముకల గూడు న్యూజిలాండ్‌లో పెట్టారు. వాళ్ల ప్రేమను నేను శంకించను, కానీ నా మనసు మాత్రం ఒప్పుకోదు. మీరు అనుకున్నట్టు నిండుగా మట్టిలో పెట్టడమే నాకు ఇష్టం.

ప్రశ్న: డాక్టర్ తాతయ్యా, నేను సిరొంచలో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మా మామయ్యకు రెండు పెళ్లి గుర్రాలు ఉండేవి. ఒకటి పోయిన నెల చచ్చిపోయింది. రెండోది గడ్డి ముట్టకుండా గేటు వైపే చూస్తూ సకిలిస్తోంది. దానికి తెలుస్తుందా?

జవాబు: తోడు లేదన్న సంగతి దానికి బాగా తెలుస్తుంది బాబూ. గుర్రం మందలో బతికే జంతువు, ఒంటరిగా ఉంటే దానికి భయం. తోటి గుర్రం పోయినప్పుడు బతికున్నదాన్ని కాసేపు ఆ ఒంటి దగ్గరికి వదలడం మంచిది, అంటురోగం అనుమానం లేకపోతేనే. వాసన చూస్తుంది, మూతితో కదుపుతుంది, కాసేపటికి తనే పక్కకు వెళ్లి మేత అందుకుంటుంది. మీరు వెంటనే లారీలో తీసుకెళ్లి ఉంటే, అది ఎటు పోయిందో దీనికి తెలియదు, అందుకే గేటు వైపు చూస్తోంది.

ఇన్నాళ్లైనా మేత సరిగ్గా ముట్టడం లేదంటే దిగులొక్కటే అనుకోవద్దు. పళ్లు, కడుపు చూపించమని మామయ్యకు ఇవాళే చెప్పు. లద్ది పడుతోందో లేదో రోజూ నువ్వే చూడు. పడటం ఆగినా, అది మాటిమాటికీ పొట్ట వైపు తిరిగి చూసుకున్నా, పడుకుని దొర్లినా రాత్రైనా సరే డాక్టర్‌ను పిలవాలి. ఇంకో గుర్రాన్ని కొనే స్తోమత లేకపోతే ఒక మేకను తోడు కట్టండి. పెద్ద పెద్ద పందెపు గుర్రాలకు కూడా మేకలనే తోడు ఉంచుతారు. మొదటి రెండు మూడు రోజులు మధ్యలో కర్ర అడ్డం పెట్టి, ఒకదాన్నొకటి వాసన చూసుకున్నాకే కలపండి. మేక మేత మాత్రం వేరే తొట్టిలో వెయ్యండి.