మంచు ఊళ్లో కారు కొనేముందు

ప్రశ్న: గుంటూరు నుండి విన్నిపెగ్ వచ్చి ఆరు నెలలైంది. చలికాలం లోపు వాడిన కారు ఒకటి కొనాలి. ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ లేనిదే ఇక్కడ చలికాలం గడవదని తెలిసినవారు అంటున్నారు. మా డబ్బుకు మంచి స్థితిలో ఉన్న సెడాన్ వస్తుంది, ఎస్‌యూవీ అయితే బాగా తిరిగినదే వస్తుంది. ఏది కొనమంటారు?
- ఒక పాఠకురాలు, విన్నిపెగ్, కెనడా

జవాబు: సెడానే కొనండమ్మా, అయితే నాలుగు వింటర్ టైర్ల ఖర్చును కూడా దాని ధరలో కలిపి లెక్క వేసుకోండి. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి మంచులో కదలడానికీ, ఎత్తు ఎక్కడానికీ నిజంగానే సాయపడుతుంది. కానీ గడ్డకట్టిన కూడలిలో ఎర్రదీపం పడినప్పుడు బండిని ఆపేవి బ్రేకులూ, టైర్ల పట్టూ మాత్రమే. పైగా విన్నిపెగ్ చదునైన ఊరు, ఎత్తులెక్కే అవసరం తక్కువ.

మామూలు టైర్ల రబ్బరు ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గేకొద్దీ బిరుసెక్కి పట్టు కోల్పోతుంది. వింటర్ టైర్ల రబ్బరు గడ్డకట్టే చలిలోనూ మెత్తదనం నిలుపుకుంటుంది. టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దానిలో మంచు పలుకు ఉన్న గుర్తు కోసం చూడండి. 'ఎం ప్లస్ ఎస్' (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అన్న అక్షరాలు మాత్రమే ఉంటే చాలదు. ఆదా కోసం ముందు చక్రాలకే వేయిస్తే మలుపులో వెనుక భాగం జారి బండి అడ్డం తిరిగే ప్రమాదముంది, కనుక ఆ పని మాత్రం చేయకండి. క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు ఈ టైర్లు చట్టరీత్యా తప్పనిసరి. మీ మానిటోబా రాష్ట్రంలో ఆ నిర్బంధం లేకపోయినా మీరు పాటించడమే క్షేమం.

బండి చూడబోయినప్పుడు ముందు గ్రిల్ దగ్గర ప్లగ్గు వైరు ఉందేమో గమనించండి. అది ఇంజన్‌ను వెచ్చగా ఉంచే బ్లాక్ హీటరుది. మైనస్ 30 చలిలో రాత్రంతా ఆరుబయట నిలిపిన ఇంజన్ తెల్లవారి స్టార్టు కావాలంటే దాన్ని ముందుగా కరెంటుకు తగిలించాలి, అందుకే అక్కడి పార్కింగుల్లో చాలాచోట్ల ప్లగ్ పాయింట్లు ఉంటాయి. మీ అపార్ట్‌మెంటులో ఆ సౌకర్యం ఉందో లేదో ముందే అడగండి. బ్యాటరీ మీద రాసి ఉండే 'కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్' అంటే చలిలో ఇంజన్‌ను స్టార్టు చేయడానికి బ్యాటరీ ఇవ్వగల కరెంటు, దాన్ని మైనస్ 18 డిగ్రీల వద్ద లెక్కకడతారు. అది కంపెనీ సూచించినదానికి తగ్గకూడదు.

చివరగా, డబ్బు చెల్లించే ముందు బండిని మెకానిక్ దగ్గర లిఫ్టు మీదికి ఎక్కించి అడుగు భాగం చూపించండి. రోడ్ల మీద చల్లే ఉప్పుకు బ్రేకు గొట్టాలూ, ఛాసిస్సూ (బండి చట్రం) తుప్పు పట్టి ఉంటే, పైన రంగు ఎంత మెరిసినా ఆ బండి వద్దు.