హోమ్‌స్టెడ్ ఎగ్జంప్షన్ అప్లికేషన్ వెనక్కి వచ్చిందా? ముందు లైసెన్స్ చూడండి

హోమ్‌స్టెడ్ ఎగ్జంప్షన్ (మనం ఉంటున్న సొంతింటికి ప్రాపర్టీ టాక్స్‌లో ఇచ్చే తగ్గింపు) కోసం మీరు పెట్టిన అప్లికేషన్ రిజెక్ట్ అయిందన్నారు, అది డ్రైవింగ్ లైసెన్స్ వల్లే అయ్యుండాలి. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో కొత్త ఇంట్లోకి మారాం అన్నారు, కానీ లైసెన్స్ మీద ఇంకా పాత అపార్ట్‌మెంట్ అడ్రసే ఉందన్నారు కదా. ఆ రెండూ ఒకటే ఉండాలి. గృహప్రవేశం హడావుడిలో చాలామంది మరిచిపోయేది ఇదే. ఇంటి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా ఇక్కడే ఆగిపోతుంది.

1. మీరూ, మీ ఆవిడా ఇద్దరూ లైసెన్స్‌లో అడ్రస్ మార్పించుకోండి. ఇల్లు మారిన 30 రోజుల్లో మార్చాలని టెక్సాస్‌లో రూలు కూడా ఉంది.

2. కొత్త లైసెన్స్ కార్డు కాపీతో 50-114 ఫారం (ఈ ఎగ్జంప్షన్ అప్లికేషన్ ఫారం) మళ్లీ పంపండి. పంపాల్సింది మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి (టాక్స్ కోసం ఇళ్ల విలువ కట్టే ఆఫీసు). ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్‌లో ఉంది. మీ ఇల్లు ఎందులోకి వస్తుందో చూసుకోండి.

3. దీనికి ఫీజు లేదు. ఫైల్ చేసిపెడతామని డబ్బులడిగే ఉత్తరాలు వస్తాయి, దయచేసి కట్టకండి.

హెచ్1బీ అని టెన్షన్ పడొద్దు, సిటిజన్‌షిప్ అక్కర్లేదు. ఏప్రిల్ 30 గడువు దాటినా ఆలస్యంగా అప్లై చేసుకోవచ్చు.