నెలసరి రాకుండానే మళ్లీ నెల తప్పింది

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. పాపకు ఎనిమిది నెలలు నిండాయి, సిజేరియన్ కాన్పు. నెలసరి ఇంకా రాలేదు, పాలిస్తున్నా కదా అని ధైర్యంగా ఉన్నాం. మొన్న వాంతులవుతుంటే పరీక్ష చేసుకున్నా, రెండు గీతలు వచ్చాయి. ‘ఇద్దరూ ఒక్కసారే పెరిగిపోతారు, ఉంచుకో’ అంటోంది అత్తమ్మ. ఆయన ‘నీ ఇష్టం’ అంటున్నారు. నాకు ఏడుపే వస్తోంది. పాపకు అన్యాయం చేశానా?
- ఓ సోదరి, హనుమకొండ

జవాబు: ఆ చివరి మాట ముందు మనసులోంచి తీసేయండమ్మా. పాలిచ్చే తల్లికి గర్భం రాదన్నది పూర్తిగా అబద్ధమూ కాదు, అందుకే చాలామంది అక్కడే మోసపోతారు. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, రాత్రీపగలూ తల్లిపాలే తాగాలి, నెలసరి మొదలవకూడదు. ఈ మూడూ ఉన్నంతవరకే ఆ రక్షణ. పైగా అండం ముందు విడుదలవుతుంది, నెలసరి ఆ తర్వాత రెండు వారాలకు వస్తుంది. డిశ్చార్జి రోజున పాప టీకాల కార్డు భద్రంగా చేతికిచ్చినవాళ్లు ఈ సంగతి చెప్పి ఉండరు.

ఈ వారంలోనే డాక్టరును కలిసి స్కాన్ చేయించుకోండి. నెలసరే రాలేదు కాబట్టి ఎన్నో వారమో స్కాన్‌లోనే తేలాలి. పిండం పాత కుట్టు మీద అంటుకుందేమో కూడా చూడాలి. అది అరుదే, కానీ ప్రమాదకరం. అందుకే మందుల షాపులో గర్భం పోయే మాత్రలు తెచ్చుకుని ఇంట్లో మింగే పని మాత్రం వద్దు.

మీ అత్తమ్మ ప్రేమతోనే అని ఉంటారు. అయితే కాన్పయ్యాక కనీసం 24 నెలలు ఆగి మళ్లీ గర్భం దాల్చమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీకు రెండు కాన్పుల మధ్య ఏడాదిన్నర కూడా ఉండదు. రక్తహీనత, నెలలు నిండకుండానే కాన్పు, నొప్పులప్పుడు పాత కుట్టు విడిపోవడం వంటి ముప్పులు పెరుగుతాయి. ఉంచుకోవాలనుకుంటే మొదటి నెల నుంచే రక్తపరీక్షలు, ఆపరేషన్‌కు, రక్తానికి ఏర్పాట్లున్న ఆసుపత్రిలో కాన్పు తప్పనిసరి. డాక్టరు వద్దంటే తప్ప పాపకు పాలు మాన్పించక్కర్లేదు.

వద్దనుకుంటే, 1971 నాటి గర్భవిచ్ఛిత్తి (అబార్షన్) చట్టాన్ని 2021లో సవరించాక 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. మీ ఒంటికీ మనసుకూ తీవ్రమైన హాని జరుగుతుందన్నది చట్టం ఒప్పుకునే కారణమే. కావలసింది మీ సమ్మతి ఒక్కటే, భర్త సంతకం కాదు.

ఇక ‘నీ ఇష్టం’ సంగతి. వినడానికి మర్యాదగానే ఉంది గానీ, రేపు ఏం జరిగినా భారం నీదే అన్నట్టు కూడా ఉంది. ఆయన్ను మీతోపాటు డాక్టరు ముందు కూర్చోబెట్టండి. ఏం తేల్చుకున్నా అత్తమ్మకు చెప్పాల్సింది కూడా ఆయనే.

ఒక్క మాట అడగనా? ఈ ఏడుపు ఈ వార్తతోనే మొదలైందా, అంతకు ముందు నుంచీ ఉందా? ముందు నుంచీ ఉంటే అదీ డాక్టరుకు చెప్పండి, కాన్పు తర్వాత వచ్చే దిగులుకు వైద్యం ఉంది. ఇకముందు అనుకోకుండా గర్భం రాకుండా వాడే కాపర్ టి, మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. మీకు ఏది సరిపోతుందో కూడా అప్పుడే అడిగి రండి.