గంజాయి కేసులో చికిత్సకు దారి ఉందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న మా అబ్బాయికి 22 ఏళ్లు. గంజాయికి అలవాటు పడ్డాడని మాకు ఆలస్యంగా తెలిసింది. ఈమధ్య పాతపట్నం వెళ్లినప్పుడు జేబులో 60 గ్రాముల పొట్లం దొరికిందని ఆంధ్రా పోలీసులు కేసు పెట్టారు. ఇప్పుడు బెయిలు మీద ఇంట్లోనే ఉన్నాడు, మానేస్తానని అంటున్నాడు. చికిత్స చేయిస్తే జైలు తప్పుతుందని కొందరు, అవన్నీ పలుకుబడి ఉన్నవాళ్లకేనని ఇంకొందరు చెబుతున్నారు. గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే ప్రైవేటు సెంటరులో చేర్చమని మా మరిదిగారు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ దారి చట్టంలోనే ఉంది, దానికి పలుకుబడితో పని లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) లెక్కలో గంజాయి ఒక కిలో వరకు ‘చిన్న పరిమాణం’. దానికి శిక్ష ఏడాది వరకు కఠిన కారాగారవాసం, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, వ్యసనానికి లోనైన వ్యక్తి మత్తుపదార్థం వాడినందుకు గానీ, చిన్న పరిమాణం కలిగి ఉన్నందుకు గానీ కేసు ఎదుర్కొంటున్నప్పుడు, తనంతట తానుగా ముందుకు వచ్చి, ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ నడుపుతున్న లేదా గుర్తించిన ఆసుపత్రిలో చికిత్స పొందితే, ఆ నేరానికి అతనిపై ప్రాసిక్యూషన్ నడపరాదు. చికిత్సను మధ్యలో వదిలేస్తే మాత్రం ఈ రక్షణను ఉపసంహరించవచ్చు.

ఇందులో ‘వ్యసనానికి లోనైన వ్యక్తి’ అన్న షరతు దగ్గరే చాలా కుటుంబాలు దెబ్బతింటాయి. పరువు పోతుందన్న భయంతో డాక్టరు దగ్గర గంజాయి మాట ఎత్తకుండా, నిద్ర పట్టడం లేదనీ ఆకలి లేదనీ చెప్పి ఓపీ చీటీ మీద అదే రాయించుకుని వస్తారు. ఆ చీటీ కోర్టులో దేనికీ కొరగాదు. మీ అబ్బాయి ఎప్పటి నుంచి, రోజుకు ఎంత తాగుతున్నాడో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పనివ్వండి. చికిత్స మొదలైన తేదీ, కౌన్సెలింగుకు వెళ్లిన తేదీలు, మూత్ర పరీక్ష ఫలితాలు, చివరికి చికిత్స పూర్తయిందన్న ధ్రువపత్రం అన్నీ ఒకే ఫైలులో భద్రపరచండి. మీ వకీలు 64ఎ కింద వేసే పిటిషనుకు ఆ ఫైలే ఆధారం.

ఇది కేంద్ర చట్టం కనుక కేసు ఆంధ్రాలో ఉన్నా చికిత్స ఒడిశాలో చేయించుకోవచ్చు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక చికిత్స విభాగం ఉంది. దగ్గరలో గుర్తింపు ఉన్న కేంద్రం ఎక్కడుందో 14446 అనే మత్తు విముక్తి హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు. కాగితాల్లో ఏదైనా ఒడియాలో ఉంటే అనువాదం జతచేయడం మరచిపోవద్దు. వాయిదాలకు హాజరు కావడం మాత్రం మానకూడదు. చికిత్సలో ఉన్నాడు కదా అని ఊరుకుంటే వారెంటు వస్తుంది.

మీ మరిదిగారి ఆదుర్దా నాకు అర్థమవుతుంది కానీ, ఆయన సలహాతో నేను ఏకీభవించను. తాళం వేసి ఉంచడం ఒక్కటే చికిత్స కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వ్యసన సంబంధ రుగ్మతలకూ వర్తిస్తుంది, గొలుసులతో కట్టివేయడాన్ని పూర్తిగా నిషేధిస్తుంది. గుర్తింపు లేని చోట నెలల తరబడి ఉంచినా 64ఎ ప్రయోజనం దక్కదు, పైగా ‘తనంతట తానుగా’ అన్న మాటకే అది విరుద్ధం. గంజాయి మానిన తొలి రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం సహజం. సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. చాలామందికి ఇంట్లో ఉంటూ ఆసుపత్రికి వెళ్లి వచ్చే చికిత్స, కౌన్సెలింగు సరిపోతాయి. సారా కూడా రోజూ తాగే అలవాటు ఉంటే సంగతి వేరు. దాన్ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది కనుక ఆసుపత్రిలో చేర్చవలసి రావచ్చు.

ఒకవేళ కేసు నడిచి నేరం రుజువైనా 39వ సెక్షన్ మిగిలే ఉంటుంది. అప్పుడు కోర్టు శిక్ష వెంటనే విధించకుండా, అతని సమ్మతితో, బాండు రాయించుకుని చికిత్సకు పంపవచ్చు. ఏడాదిలోపు ఫలితం తెలిపే నివేదిక కోర్టుకు చేరాలి. అయితే ఇది న్యాయమూర్తి విచక్షణ. అందుకే అంతవరకు ఆగకుండా 64ఎ దారి పట్టమంటున్నాను. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

ప్రశ్న: కొత్త నేర చట్టంలో సమాజసేవ అనే శిక్ష పెట్టారు కదా, గంజాయి తాగే కుర్రవాళ్లకు అది వర్తించదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాయగడ

జవాబు: వర్తించదు మాస్టారూ. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సమాజసేవ కొద్దిపాటి చిన్న నేరాలకే పరిమితం. తాగిన మత్తులో బహిరంగ స్థలంలో అల్లరి చేయడం, 5,000 రూపాయల లోపు సొత్తు తొలిసారి దొంగిలించి తిరిగి ఇచ్చేయడం వంటివి వాటిలో ఉన్నాయి. ఎన్‌డీపీఎస్ ప్రత్యేక చట్టం. దాని 33వ సెక్షన్ మంచి నడవడి షరతు మీద విడిచిపెట్టే ప్రొబేషన్‌ను కూడా 18 ఏళ్ల లోపువారికి, లేదా 26, 27 సెక్షన్ల కింద శిక్ష పడినవారికి మాత్రమే అనుమతిస్తుంది. వాడకానికి సంబంధించినది 27వ సెక్షన్, గంజాయి దగ్గర ఉంచుకోవడానికి సంబంధించినది 20వ సెక్షన్. కనుక ఎఫ్‌ఐఆర్ చేతికి రాగానే ముందు చూడవలసింది అందులో వేసిన సెక్షన్లను.