పరీక్షకు 999 పెడతారు సరే, మిత్తి ఎవరు కట్టాలి?

హనుమకొండ నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 31. ఏసీలు, ఆర్వో ఫిల్టర్లు బాగు చేస్తారు, నెలకు సగటున 22,000 వస్తాయి. భార్య ఇంట్లో బ్లౌజులు కుడితే ఒక ఆరున్నర వేలు. పాప యూకేజీ. సర్వీసుకు వెళ్లే ఇళ్లలో చాలావాటి పిల్లలు అమెరికాలో ఉన్నారు. రేడాన్ అంటే నేలలోంచి వచ్చి ఇంట్లో చేరే రేడియోధార్మిక వాయువు, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు. అక్కడ ఇల్లు కొనేటప్పుడు రేడాన్ టెస్ట్ చేయించుకోవడం మామూలే కాబట్టి, ఇక్కడ అమ్మానాన్నలు ఉండే ఇంట్లో కూడా ఒకసారి చేయించమని వాళ్లు అడిగారట. ఇదేదో బాగుందని ఈయన 1,40,000 పెట్టి రేడాన్ కొలిచే మిషన్ కొన్నారు. అందులో 90,000 ప్రైవేటు ఫైనాన్సులో, నూటికి మూడు రూపాయల మిత్తికి. మిగతా 50,000 భార్య గొలుసు బ్యాంకులో పెట్టి. మిషన్ వచ్చి నెలయింది, ఐదు ఇళ్లు చేశారు, రెండు ఫ్రీ. ఇప్పుడు అడిగేవి ఇవి: టెస్టుకు 999 పెట్టనా? ఎన్నారైల ఇళ్లకు 4,999 తీసుకుంటే తప్పా? ఏసీ పని మానేసి పూర్తిగా ఇందులోకి దిగనా? రెండో మిషన్ కోసం ఒక లోన్ యాప్‌లో అప్లికేషన్ పెట్టాను, తీసుకోనా?

మీ ఉత్తరానికి ఇక్కడ, అందరి ముందు జవాబు రాయడానికి కారణం ఉంది తమ్ముడూ. డ్రోన్ కెమెరా కొన్నవాళ్లు, ఫ్లెక్సీ ప్రింటర్ కొన్నవాళ్లు, కారు కొని ట్రావెల్స్‌కు పెట్టినవాళ్లు, అందరూ ఇదే వరసలో వస్తున్నారు. ముందు అప్పు చేసి మిషన్, తర్వాత పక్కవాడి రేటు చూసి మన రేటు, అన్నిటికీ ఆఖర్న ఇల్లెట్లా నడుస్తుందనే ఆలోచన. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం రేటు గురించిందే కాదు. "బ్యాంకులో ప్రస్తుతం 11,000 ఉన్నాయి" అని మధ్యలో ఎక్కడో రాశారు చూడండి, అది.

అయినా రేటు అడిగారు కాబట్టి అక్కడి నుంచే వద్దాం. మీ లెక్క రోజుకొక టెస్ట్, నెలకు 30, ఒక్కోటి 999, కాబట్టి 30,000. ఈ లెక్క వేసే ముందు మిషన్‌తో పాటు వచ్చిన పుస్తకం చదివారా? తక్కువ రోజుల పరీక్ష అంటే కనీసం 48 గంటలు మిషన్ ఆ ఇంట్లోనే ఉండాలి. దానికి ముందు 12 గంటల నుంచే కిటికీలు, తలుపులు మూసి ఉంచాలి, వచ్చిపోయేటప్పుడు తప్ప తీయకూడదు. అంటే మిషన్ ఒక ఇంటికి వెళ్తే రెండు రోజులు అక్కడే. ఎక్కడా ఆగకుండా తిప్పితే నెలకు 15, ఆదివారాలు పోను, "మా అల్లుడొచ్చాడు, రేపు రండి" అనేవాళ్లు పోను, నిజంగా అయ్యేవి పది. మీకిప్పుడున్న గిరాకికి ఆరు అనుకోవడమే ఎక్కువ. 30 అన్న అంకె ఎక్కడ నుంచి వచ్చిందో నాకు తెలియదు గానీ, దాన్ని నమ్మే మీరు రెండో మిషన్ దాకా వెళ్లారు.

ఇప్పుడు ఖర్చు. మిషన్ ఐదేళ్లు పనిచేస్తుందనుకుంటే నెలకు 2,333 అరుగుతున్నట్టు లెక్క. ఏడాదికోసారి క్యాలిబ్రేషన్‌కు, అంటే మిషన్ సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూడటానికి పంపాలి, అమ్మినవాళ్లు కొరియర్‌తో కలిపి 15,000 చెప్పారని రాశారు, అంటే నెలకు 1,250. ఫోను, రిపోర్టు ప్రింటు ఒక 500. ఇవి టెస్టులు ఉన్నా లేకున్నా పడే ఖర్చులు, మొత్తం దాదాపు 4,100. దీని మీద మిత్తి: ప్రైవేటు అప్పుకు 2,700, గొలుసుకు సుమారు 500. అంటే మీ చేతికి ఒక్క రూపాయి రాకముందే నెలకు 7,300 పోతోంది. ప్రతి టెస్టుకు రెండుసార్లు తిరగాలి, పెట్రోలు ఒక 150. ఆరు టెస్టులు 999 చొప్పున చేస్తే పెట్రోలు పోను 5,100 మిగులుతుంది, అంటే నెలకు 2,200 జేబులోంచి పెడతారు. సరే, పదీ చేశారనుకుందాం. నెలంతా తిరిగాక మిగిలేది 1,200. మీ పాప స్కూలు ఆటోకు కూడా సరిపోదేమో.

మరి ఎంత పెట్టాలి? రానుపోను తిరగడం, మిషన్ పెట్టి తీయడం, రిపోర్టు రాసి ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం, అన్నీ కలిపి ఒక్కో టెస్టు మీ నాలుగు గంటలు తింటుంది. ఏసీ పనిలో మీ గంట విలువ 200 అనుకుంటే 800. పెట్రోలు 150. ఆరు టెస్టులకు పంచితే మిషన్ ఖర్చు ఒక్కోదానికి 683. ఇక్కడికి 1,633 అయింది. దీని మీద మీ ఇంటి అత్యవసర నిధికి ఒక 367 వేయండి, 2,000. వరంగల్, హనుమకొండ, కాజీపేట లోపల ఇదే రేటు. జనగామ, కరీంనగర్ వెళ్లాలంటే కిలోమీటరుకు ఇంత అని విడిగా, ముందే చెప్పి తీసుకోండి. ఎవరైనా "రెండు వేలా, నీళ్ల టెస్టు ఐదొందలే కదా" అంటే, నీళ్ల శాంపిల్ సీసాలో పట్టుకుపోవచ్చు, ఇది రెండు రోజులు మీ ఇంట్లో ఉండాలి అని చెప్పండి. అర్థం చేసుకునేవాళ్లు చేసుకుంటారు.

గమనించారో లేదో, ఈ 2,000లో మిత్తి లేదు. కావాలనే వేయలేదు. మీరు మూడు రూపాయలకు తెచ్చారా, ఒక రూపాయికి తెచ్చారా అన్నది గిరాకికి సంబంధం లేని విషయం, దాన్ని రేటులో కలిపితే అది న్యాయమైన రేటు కాదు, కలపకపోతే మీరు మునుగుతారు. కాబట్టి సరిచేయాల్సింది రేటును కాదు, అప్పును.

ఎన్నారైల ఇళ్లకు 4,999 అన్నారు. వద్దు. గేటు ముందు కారు చూసి రేటు చెప్పే పద్ధతి మన దగ్గర చాలా పనుల్లో ఉంది, నాకు తెలుసు, కానీ మీ గిరాకి అంతా ఒకరి నోటి నుంచి ఒకరికి వచ్చేది. సుబేదారిలో ఒకాయన దగ్గర ఐదు వేలు, అదే వీధిలో ఇంకొకాయన దగ్గర వెయ్యి తీసుకుంటే, సాయంత్రం వాకింగ్‌లో ఇద్దరూ మాట్లాడుకుంటారు. అదనపు పని చేస్తే అదనంగా తీసుకోండి, అందులో తప్పు లేదు: రెండో గదిలో కూడా పెట్టమన్నా, అమెరికాలో ఉన్న కొడుక్కి రాత్రిపూట వీడియో కాల్‌లో రిపోర్టు వివరించమన్నా దానికింత అని బోర్డు మీద రాసి ఉండాలి. మధ్యలో కిటికీలు తెరిచి టెస్టు పాడుచేస్తే మళ్లీ చేయడానికి సగం రేటు, ఇది కూడా ముందే చెప్పాలి. ఎండాకాలం కూలర్ పెట్టుకుని కిటికీ తెరిచే ఇంట్లో అసలు ఒప్పుకోకండి, ఆ రీడింగుకు అర్థం లేదు.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ మీ ఉత్తరంలో వాసన వచ్చింది. "ఎక్కువ వస్తే రేడాన్‌ను బయటికి పంపే ఫ్యాను, పైపు బిగించే పని కూడా మనమే చేయొచ్చు" అని రాశారు. కొలిచేవాడే మందు అమ్మితే రీడింగు ఎప్పుడూ ఎక్కువే వస్తుందని జనం అనుకుంటారు, అనుకోవాలి కూడా. మన కింద ఉన్నది గ్రానైటు, అందులో కొద్దిగా యురేనియం ఉంటుంది, దాని నుంచి రేడాన్ పుడుతుంది, ఇదంతా నిజమే. కానీ గాలి ఆడే ఇంట్లో అది నిలవదు. ఎప్పుడూ మూసి ఉండే కింది అంతస్తు ఏసీ గదుల్లోనే చూడాల్సింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనపు మీటరు గాలికి 100 బెకరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే లెక్క) దాటకుండా చూసుకోమంటుంది, అది కుదరని చోట 300 మించొద్దంటుంది. అమెరికాలో 148 దగ్గర బాగు చేయించమంటారు. ఈ మూడు అంకెలూ రిపోర్టులో రాసి, 48 గంటల లెక్క ఆ రెండు రోజులదే, ఏడాది సగటు తెలియాలంటే మూడు నెలలకు పైగా ఉంచే డిటెక్టర్ పెట్టుకోవాలని కూడా రాయండి. ఎంత వచ్చినా ఫీజు 2,000. భయపెట్టి ఇంకో పని సంపాదించకండి.

ఇక ఆ 11,000 దగ్గరికి వస్తాను. మీ ఇంటి ఖర్చు అద్దెతో కలిపి 23,000, చిట్టీ 5,000. ఇద్దరి సంపాదన 28,500. అంటే మిషన్ కొనక ముందే మీకు మిగిలేది ఐదొందలు. దాని మీద 3,200 మిత్తి ఎత్తుకున్నారు. పాపకు డెంగీ వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే? మీరు స్టూలు మీంచి జారి చెయ్యి విరిగితే? ఏసీ పనీ లేదు, మిషనూ తిరగదు, మిత్తి మాత్రం ఒకటో తారీఖు వస్తుంది. 2020 ఆగస్టు, 2023 జూలై వరదలు మీరు చూసినవే కదా, కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. మీ మిషన్ ఉండేదెక్కడ? ఎవరో ఒకరి ఇంట్లో, కింది అంతస్తులో, నేల దగ్గర. అది తడిస్తే 1,40,000 పోయినట్టే, అప్పు మాత్రం తడవదు. పదకొండు వేలతో వ్యాపారంలోకి దిగడమంటే స్టెప్నీ లేకుండా మేడారం బయల్దేరినట్టు.

నెల జీతం లేనివాళ్లకు ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలని నేను ఎప్పుడూ చెప్తాను, విసుగొచ్చేదాకా చెప్తాను. మీకైతే 1,38,000. మిషన్ ధర ఎంతో చూడండి, దాదాపు అంతే. ఆ డబ్బు మీరు కూడబెట్టగలిగేవాళ్లే, కానీ మిషన్ ముందు కొన్నారు.

జరిగింది జరిగింది. ఇప్పుడు చేయాల్సింది, మీ చిట్టీ లక్ష రూపాయలది, 20 నెలలు, ఎనిమిది కట్టారు. వచ్చే పాటలో ఎత్తుకోండి. చేతికి 85,000 వచ్చినా పర్వాలేదు, చివరిదాకా ఆగితే వచ్చేదానికంటే పది, పదిహేను వేలు తక్కువ అంతే. ఆ డబ్బుతో మూడు రూపాయల అప్పు తీర్చకపోతే ఈ పన్నెండు నెలల్లో కట్టే మిత్తి 32,400, అసలు మాత్రం అలాగే ఉంటుంది. "చిట్టీ పాపకని దాచాను" అని మీ భార్య అంటారేమో, ఆమెకు ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించండి. జమానత్‌కు ఎవరు వస్తారో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. తక్కువపడే ఐదు వేలు ఈ నెల టెస్టుల డబ్బులోంచి పెట్టండి, ఆ పదకొండు వేలు ముట్టుకోవద్దు. అప్పు తీరినట్టు రాయించుకుని, వాళ్ల దగ్గర ఉన్న ఖాళీ చెక్కులు, ప్రామిసరీ నోటు వెనక్కి తెచ్చుకోవాలి, చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు.

తర్వాత ప్రతి టెస్టు మీద 367, ఆరింటికి 2,200. ఆగిపోయిన మిత్తి 2,700. ఈ ఐదు వేలు నెలనెలా వేరే బ్యాంకులో, ఫోన్‌పే కలపని ఖాతాలో. ఏడాది తర్వాత చిట్టీ కిస్తులు అయిపోతే ఆ ఐదు వేలు కూడా ఇందులోకే. 1,38,000 నిండడానికి ఏడాదిన్నర పైనే పడుతుంది. పట్టనివ్వండి. ఒక్కో టెస్టు మీద మిషన్ ఖర్చు కింద తీసిన 683 ఈ నిధిలో కలపకండి, అది క్యాలిబ్రేషన్‌కు, రేపు కొత్త మిషన్‌కు, దానికి ఇంకో ఖాతా.

ఏసీ పని మానొద్దు. ఆరు టెస్టులు కాకుండా మూడే వచ్చిన నెలలో ఒక్కోదాని అసలు ఖర్చు 2,300 అవుతుంది, అలాగని ఆ నెల రేటు పెంచలేరు కదా. ఆ లోటు మోసేది ఏసీ పనే. పైగా ఎండాకాలం ఇళ్లు తెరిచి ఉంచుతారు కాబట్టి ఇది తగ్గుతుంది, అదే ఏసీలకు సీజను, రెండూ సరిగ్గా కలిశాయి మీకు.

మిగతావి గబగబా. ఆరోగ్యశ్రీకి ఇప్పుడు 10 లక్షల దాకా ఉంది, మీ కార్డు పనిచేస్తుందో లేదో చూసుకోండి. బండి మీద తిరిగే మనిషి, ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా కూడా లేదా? బ్యాంకుకు వెళ్లిన రోజే చేయించండి, టర్మ్ పాలసీ అప్పు తీరిన నెలలో. జీఎస్టీ గురించి అడిగారు, ఏడాదికి 20 లక్షల సర్వీసు దాటేదాకా టెన్షన్ వద్దు. ఎప్పుడో నిజంగా పెట్టుబడి కావాల్సి వస్తే ముద్ర లోను ఉంది, తాకట్టు అడగరు, ముందు అక్కడికి వెళ్లాలి. మీరు ముందు ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్లారు.

లోన్ యాప్ విషయానికి పెద్దగా చెప్పను. ఒక మిషన్‌కే నెలకు ఆరు ఇళ్లు దొరుకుతాయో లేదో తెలియని చోట రెండోది ఎవరి ఇంట్లో పెడతారు? అందులో పెట్టిన అప్లికేషన్ ఈ రోజే రద్దు చేయండి, మీ ఫోన్‌లోని కాంటాక్టులు చూడటానికి దానికి ఇచ్చిన అనుమతి తీసేయండి, ఆ తర్వాతే యాప్‌ను తొలగించండి. డబ్బులు ఇప్పటికే ఖాతాలో పడి ఉంటే ముట్టుకోకుండా పడ్డది పడ్డట్టు తిరిగి కట్టేసి, రసీదు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.