అమ్మ చీరల పెట్టె తెరవలేకపోతున్నాను

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. విశాఖపట్నం మురళీనగర్‌లో మావారు, కొడుకు, కోడలితో కలిసి ఉంటున్నాను. మా అమ్మ పోయి ఏడు నెలలైంది. ఆమె నేత చీరల పెట్టె నా దగ్గరే ఉంది. పుట్టబోయే బిడ్డకు ఆ చీరలతో, అమ్మ కుట్టినట్టే, బొంత కుడతానంటే, తొలిచూలుతో ఉన్న కోడలు "పోయినవారి చీరలు పసిబిడ్డకు వద్దత్తయ్యా" అంది. ఆ మాట గుచ్చుకుంది. చీరలకు కత్తెర పెట్టడానికీ చెయ్యి రావడం లేదు. సాయంత్రాలు గడవడం లేదు. – ఒక సోదరి

జవాబు: అమ్మా, తల్లిని పోగొట్టుకున్న దుఃఖమూ, దానిని కోడలు గ్రహించలేదన్న నొప్పీ మీలో ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఆ అమ్మాయి మాటలో మీ అమ్మగారి పట్ల అగౌరవం ఉందని నాకు అనిపించడం లేదు. పెద్దలు కట్టి మెత్తబడిన నూలు చీరనే పసికందుకు పరచడం మన ఇళ్లలో ఉన్నదే అయినా, పోయినవారి బట్టల విషయంలో ఒక్కో ఇంటి ఆచారం ఒక్కో విధంగా ఉంటుంది. తొలి కాన్పుకు ముందు ఆ శంక కలగడం సహజం. దానిని వాదించి గెలవవద్దని నా మనవి. మొదటి బొంత మీ కోసమే కుట్టుకోండి.

కత్తెర అవసరమే లేదు. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే దాదాపు 1.8 మీటర్ల పొడవున, ఒక మనిషి కప్పుకునేంత వస్తుంది. చిరుగులున్న రెండో చీరను అలాగే మడిచి మంచి చీర మడతల నడుమ పరిస్తే ఆరు పొరలవుతాయి, రెండు వైపులా మంచి చీరే కనిపిస్తుంది. రెండూ నూలువే కావాలి. నైలాన్ కలిస్తే ఉతికినప్పుడు ఒకటి కుంచించుకుపోయి, మరొకటి అలాగే ఉండి బొంత ముడతలు పడుతుంది.

చీరలను గంజి పోయేలా ఉతికి, ఎండలో బాగా ఆరనివ్వండి. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కనుక, ఆరీ ఆరని బట్ట మీద కుడితే లోపలి పొరలు ముక్కిపోతాయి. సూదిని బట్టలోనే గుచ్చి వదిలేస్తే పడే తుప్పు మరక ఒక పట్టాన వదలదు. నేల మీద పరిచి, చేత్తో నిమిరి, మధ్య నుంచి అంచుల వైపు జానెడు ఎడంగా పొడుగాటి టాకాలు వేస్తే వదులు అంతా బయటికి జరిగిపోతుంది. తరువాత మూరెడున్నరకు మించని నూలు దారంతో, ముడిని పొరల మధ్య దాచి, సూదిని కిందికీ పైకీ నడుపుతూ రెండు వేళ్ల ఎడంలో వరుసలు కుట్టుకుంటూ వెళ్లి, చివరకు టాకాలు విప్పేయండి. కర్ణాటకలోని, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ స్త్రీలు తమ కవంది బొంతలను అంచు దగ్గర మొదలుపెట్టి మధ్యకు చేరుకుంటారు. బెంగాల్‌లో కాంథా అనే బొంతలు కుట్టడానికి పాత చీరల అంచుల నుంచే పోగులు లాగేవారు. మీరూ ఒక్క వరుసనైనా అమ్మగారి చీర అంచు పోగుతో కుట్టండి. ఆ ఒక్క వరుస ఎక్కడుందో మీ వేలికి తెలుస్తుంది.

ఈ పని మీకు మేలు చేస్తుందని నేను నమ్మడానికి కారణం, ఇది తొందరపడనివ్వదు. పెట్టెలోని చీరలన్నీ ఒకేసారి ఎదురైతే తట్టుకోలేని మనసు, ఒక్క చీరను ఒడిలో పెట్టుకొని రోజుకు రెండు వరుసలు కుట్టేటప్పుడు ఆ తలపులను కొద్దికొద్దిగా భరించగలుగుతుంది. కన్నీళ్లు వస్తే రానివ్వండి. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర కూర్చోండి. అరగంటకోసారి లేచి మెడా భుజాలూ కదిలించండి.

పుట్టబోయే బిడ్డ బొంతకు వియ్యపురాలిగారి పాత నూలు చీర ఒకటి తెప్పించమని కోడలినే అడగండి. దానిని ఐదు మడతలు వేస్తే మీటరుకు పైగా చదరం వస్తుంది. దారం రంగు ఆమెనే ఎంచుకోనివ్వండి. బిడ్డకు ఏడాది నిండేవరకు మాత్రం నిద్రలో బొంత కప్పవద్దు, ముఖం మీదికి జరిగితే ఊపిరి ఆడదు. మెలకువగా ఆడుకునేటప్పుడు కింద పరచండి.

కుట్టు మొదలుపెట్టాక కూడా రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి కుదుటపడకపోతే వైద్యులను కలవండి, లేదా 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ఆ మానసిక ఆరోగ్య సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది. ఈ వారానికి మాత్రం పెట్టెలోంచి ఒక్క చీర తీసి, ఉతికి, డాబా మీద ఆరవేయండి.