వూఫర్‌కి కొత్త ఫోమ్ వేసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆ పాత స్పీకర్లలో 8 అంగుళాల వూఫర్లు, అంటే లోతైన శబ్దాలు పలికే పెద్దవి, తీసేసి కొత్తవి బిగిద్దామంటున్నావు. వద్దు నాయనా. పెట్టె కొలతకి లెక్కకట్టి చేసిన వూఫర్లవి. నువ్వు పంపిన ఫొటోల్లో పేపర్ కోన్లు (కదిలి శబ్దం చేసే గరాటులాంటి భాగాలు) శుభ్రంగా ఉన్నాయి, పోయింది చుట్టూ ఉన్న ఫోమ్ రింగే. 1970, 80ల నాటి ఫోమ్ గాలిలో తేమకే పొడైపోతుంది, వాడకుండా ఉంచినా సరే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇంకా త్వరగా. బాగుచేసేదాకా మాత్రం వాటిలో పాట పెట్టకు. ఆసరా లేని కోన్ పక్కకి ఒరిగి, దాని వెనకున్న తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, మ్యాగ్నెట్ ఇనుముకి రాసుకుని, తీగ మీది పూత లేచిపోతుంది.

ప్లస్ వైరు ఏదో గుర్తుపెట్టి విప్పు. 8 ఓమ్‌ల వూఫర్ మల్టీమీటర్‌లో 5.5 నుంచి 7 ఓమ్‌ల దాకా చూపాలి. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగినట్టే, ఫోమ్ కొనకు.

ఫోమ్ కొనడానికి "8 అంగుళాలు" అంటే చాలదు. కోన్ వ్యాసం, ఫ్రేమ్ లోపలి వ్యాసం, పాత రింగులో ఉబ్బిన భాగం వెడల్పు కొలుచుకో. రింగు కోన్‌కి పైన అంటించారా, కిందా అన్నదీ చూసుకో. రెండు స్పీకర్లకీ ఒకే రకం వెయ్యి. రబ్బరు రింగు ఎక్కువకాలం మన్నుతుంది కానీ బరువు, బాస్ (లోతైన శబ్దం) తీరు మారిపోతుంది.

పాత జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, మొద్దు చాకుతో నెమ్మదిగా గీకు. స్క్రూడ్రైవర్ని మ్యాగ్నెట్ లాగేసుకుంటుంది, కోన్‌లోంచి దూసుకుపోగలదు, దూరంగా పెట్టు. అంటించడానికి ఆరితే పారదర్శకమయ్యే తెల్ల జిగురు వాడు. ఫెవిక్విక్ లాంటివి క్షణంలో పట్టేస్తాయి, సర్దుకునే వీలుండదు.

ముందు కోన్‌కి అంటించి రాత్రంతా ఆరనివ్వు. అసలు పని ఆ తర్వాతే. ఫ్రేమ్‌కి జిగురు రాసి రింగు కూర్చోబెట్టు. జిగురు పచ్చిగా ఉండగానే ఆంప్లిఫయర్ నుంచి 30 హెర్ట్జ్ టోన్ (బాగా లోతైన ఒకే స్వరం) చాలా తక్కువ వాల్యూమ్‌లో పంపి, చెవి దగ్గర పెట్టి విను. గరగర వినిపిస్తే కాయిల్ రాసుకుంటోందన్నమాట. రింగు అంచుని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపు. చప్పుడు పూర్తిగా పోయాకే చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టి, 24 గంటలు ముట్టుకోకు. ఎంత జరిపినా పోకపోతే కోన్ మధ్యలో ఉండే మూత, డస్ట్ క్యాప్, కోసి, కాయిల్‌కీ మధ్య ఇనుప దిమ్మకీ నడుమ ఓహెచ్‌పీ షీట్ (పల్చని పారదర్శక ప్లాస్టిక్) ముక్కలు నాలుగువైపులా దూర్చి అంటించు. ఆరాక అవి లాగేసి, క్యాప్ మళ్లీ అతికించు. "కొంచెమే కదా" అని గరగరని వదిలేయకు, వాల్యూమ్ పెంచిన రోజున కాయిల్ కాలిపోతుంది.

ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) మందంగా పలుకుతోందన్నావు. శబ్దాన్ని వూఫర్‌కీ ట్వీటర్‌కీ పంచే క్రాస్‌ఓవర్‌లోని పాత నాన్-పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. అదే మైక్రోఫారడ్ విలువతో, 100 వోల్టులకి తగ్గకుండా మార్చు. మామూలు పోలార్ కెపాసిటర్ పెట్టకు.

బిగించేటప్పుడు వూఫర్ కింది గాస్కెట్ (గాలి పోకుండా ఆపే మెత్తని పట్టీ) కూడా కొత్తది వెయ్యి. నీది రంధ్రం లేని మూసిన పెట్టె కాబట్టి, కోన్‌ని సమానంగా నొక్కి వదిలితే నిదానంగా వెనక్కి రావాలి. టక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి పోతోంది, స్క్రూల చుట్టూ, వైర్లు వచ్చే రంధ్రం దగ్గర వెతుకు.

ఇట్లు,
మీ బాబాయి